రోడ్డుకు సప్లిమెంటరీ పరీక్ష లేదు



మన వార్షిక సంచికలో ప్రతి ఏడూ చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి వ్యాసాలు వస్తాయి. రావాలి కూడా. అయితే ఈసారి డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లమంతా కూర్చుని ఏం రాద్దామని మాట్లాడుకుంటే, అందరి మనసులోనూ ఉన్నది ఒకే విషయమని తేలింది. అది రోడ్డు. మన గేటు దాటి నూరడుగులు నడిస్తే వచ్చే రోడ్డు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం ముగ్గురం ఒకే బండి మీద సినిమాకు బయలుదేరాం. ఆ ముగ్గురిలో ఇద్దరం ఈ వ్యాసం రాస్తున్నవాళ్లలో ఉన్నాం. బండి మాది కాదు, ఊరి నుంచి చూసిపోదామని వచ్చిన మా మామది. మాలో ఎవరికీ లైసెన్సు లేదు. హెల్మెట్ ఒకటి ఉండింది, అద్దానికి తగిలించి ఉండింది. గేటు దగ్గర వాచ్‌మన్ తాత "ముగ్గురెందుకు నాయనా?" అంటే "ఏం గాదులే తాతా, తొమ్మిదికంతా వచ్చేస్తాం" అన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. నాపరాళ్లు నింపిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి పంక్చరై రోడ్డు అంచున నిలిచిపోయి ఉంది. వెనక ఎర్ర దీపం లేదు, గుర్తుగా రెండు రాళ్లు మాత్రం పెట్టారు. ఎదురుగా వస్తున్న లారీ లైట్లు నేరుగా మా కళ్లలో పడ్డాయి. ట్రాలీ కనిపించేసరికి అది మా ముందే ఉంది. పక్కకు తిప్పాం. బండి అదుపు తప్పింది. చివర కూర్చున్న మా మిత్రుడు ఎగిరి తారు రోడ్డు మీద తలకిందులుగా పడ్డాడు. 108 వచ్చింది. పెద్దాసుపత్రిలో మూడు రోజులు ఉన్నాడు. నాలుగో రోజు లేడు.

వాళ్లది ఆదోని వైపు పల్లె. అమ్మానాన్నలు అప్పుడు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయి ఉన్నారు. కబురు అందుకుని దొరికిన బండి పట్టుకుని వచ్చారు. నెల తర్వాత ఆ అమ్మ అతని ట్రంకు పెట్టె కోసం హాస్టల్‌కు వచ్చింది. అందులో రెండు జతల బట్టలు, నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు కట్టిన రసీదు ఉన్నాయి. ఆ తల్లికి చదువు రాదు. రసీదు చేతిలో పట్టుకుని "ఇదేందప్పా?" అని అడిగింది. పరీక్ష ఫీజమ్మా అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి పిల్లోడు అతనే. ఆ తల్లి బాధను మళ్లీ అందరి నోళ్లలో పెట్టడం ఇష్టం లేక అతని పేరు ఇక్కడ రాయడం లేదు.

ఇది సానుభూతి కోసం రాస్తున్నది కాదు. మాకు తెలిసిన ఒక నిజం చెప్పడానికి రాస్తున్నాం. ఆ ప్రమాదం జరిగాక చాలా రోజులు మేము ఇతరులను తిట్టుకుంటూ గడిపాం. దీపం పెట్టని ట్రాక్టరు డ్రైవరును తిట్టాం, లైటు దించని లారీ డ్రైవరును తిట్టాం, స్తంభాలున్నా బల్బులు వెలగని రోడ్డును తిట్టాం. ఆ తప్పులన్నీ నిజమే. కానీ ముగ్గురం ఎక్కడం, లైసెన్సు లేకుండా నడపడం, హెల్మెట్ అద్దానికి తగిలించడం, చీకట్లో వేగం తగ్గించకపోవడం ఎవరి తప్పులు? అవి మావి. ప్రమాదం ఒక్క తప్పు వల్ల జరగదు, నాలుగైదు తప్పులు ఒకే చోట, ఒకే నిమిషంలో కలిస్తే జరుగుతుంది. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా మనిషి బతికి బయటపడే అవకాశం ఉంటుంది. ఎదుటివాడి తప్పు మన చేతిలో లేదు. మన తప్పు మన చేతిలోనే ఉంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే.

మన పెద్దవాళ్లు ప్రమాదం జరిగినప్పుడల్లా "నుదుటి రాత" అంటారు. మన జిల్లాల రోడ్ల మీద జరిగిన పెద్ద ప్రమాదాలను ఒకసారి చూడండి. అందులో రాత ఎంత, అలవాటు ఎంత అన్నది మీకే తెలుస్తుంది.

కర్నూలు మీదుగా హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని మన అన్నలు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. 2019 మే 11న ఆ రోడ్డు మీద వెల్దుర్తి దగ్గర ఒక ప్రైవేటు బస్సు, బైకును తప్పించబోయి డివైడరు దాటి, ఎదురుగా వస్తున్న తుఫాను బండిని ఢీకొట్టింది. పెళ్లి నిశ్చయం చేసుకుని గద్వాల ప్రాంతంలోని తమ ఊరికి తిరిగి పోతున్నవాళ్లు పదిహేను మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2021 ఫిబ్రవరి 14న అదే వెల్దుర్తి మండలంలో, మదనపల్లె నుంచి అజ్మీరుకు బయలుదేరిన చిన్న బస్సు డివైడరు దాటి లారీని గుద్దింది. 14 మంది చనిపోయారు, నలుగురు పిల్లలు మాత్రమే మిగిలారు. అది జరిగింది తెల్లవారుజామున. రాత్రంతా స్టీరింగు పట్టుకున్న ఏ డ్రైవరుకైనా కళ్లు మూతలు పడే సమయం అదే.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయేది పాత 18వ నంబరు రోడ్డు, ఇప్పుడు 40వ నంబరు. 2024 మార్చిలో ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల దగ్గర ఒక కారు, ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్ది ఒకే కుటుంబంలో ఐదుగురు పోయారు. ఆగి ఉన్న బండి కూడా ప్రాణం తీస్తుందని మాకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇక 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది దేశమంతా చూసింది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న స్లీపరు బస్సు కాలిపోయి అందులోని పందొమ్మిది మంది సజీవ దహనమయ్యారు. పోలీసులు చెప్పిన ప్రకారం ఆ బస్సు రాకముందే ఒక బైకు జారి డివైడరుకు కొట్టుకుని, నడుపుతున్న యువకుడు చనిపోయాడు. బండి రోడ్డు మధ్యలో పడి ఉంది. వెనక వచ్చిన బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. బైకు నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నట్లు పరీక్షల్లో తేలిందని కూడా పోలీసులు చెప్పారు.

తాగి బండి ఎక్కేటప్పుడు మనం ఏమనుకుంటాం? "పోతే నేను పోతా, నీకేం?" అనుకుంటాం. ఆ రాత్రి బస్సులో నిద్రపోతున్నవాళ్లకు ఆ యువకుడు ఎవరో తెలియదు. అతనికీ వాళ్లెవరో తెలియదు. బస్సు వేగం, బస్సు తయారీ, తలుపులు తెరుచుకోకపోవడం లాంటివి వేరే ప్రశ్నలు, వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పాలి. కానీ రోడ్డు మీద ఒకడి ప్రాణం ఒకడిదే కాదన్నది మాత్రం అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు కొన్ని లెక్కలు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. మన సాయంత్రం స్టడీ అవర్ రెండు గంటలు ముగిసేలోపు 38 మంది. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా బైకులు, స్కూటర్ల మీద పోతున్నవాళ్లు. మరో 19 మంది నడిచి పోతున్నవాళ్లు. ప్రపంచంలో 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకు మొదటి కారణం ఏ జబ్బూ కాదు, రోడ్డేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ లెక్కలో ఉన్నది ఎవరో గమనించండి. బైకు మీద పోయేది, నడిచి పోయేది, ఆటో అంచున వేలాడేది ఎవరు? మనమే. మన అమ్మానాన్నలే. చుట్టూ ఇనుప రేకు, ముందు గాలి సంచి ఉన్న కారులో పోయేవాళ్లకు ఒక తప్పు జరిగినా కాచుకునే వీలు కొంత ఉంది. మనకు ఉన్నది చర్మం ఒక్కటే. కాబట్టి జాగ్రత్త మనకే ఎక్కువ కావాలి.

మనలో ఉన్న చెడు అలవాట్లను దాచకుండా చెప్పుకుందాం.

మొదటిది వేగం. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పోయినా, గండికోటకు పోయినా "ఎంతసేపట్లో వచ్చినావ్?" అన్నదే మన మొదటి ప్రశ్న. ఫిజిక్సు చదివేవాళ్లు ఈ లెక్క వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం ఇంచుమించు 20 అడుగుల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. అంటే మన హాస్టల్ మిద్దె మీది నుంచి దూకినట్లు. 60 వేగమైతే ఎత్తు 40 కాదు, 30 కాదు, 46 అడుగులు. వేగం ఒకటిన్నర రెట్లయితే దెబ్బ రెండు రెట్లు దాటుతుంది. మిద్దె మీది నుంచి దూకమంటే ఎవరమూ దూకం. బండి మీద మాత్రం రోజూ దూకడానికి సిద్ధంగా ఉంటాం.

రెండోది సెల్‌ఫోను. 80 వేగంతో పోతున్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మెసేజి చూడటానికి మూడు సెకన్లు తల వంచితే 66 మీటర్లు గుడ్డిగా పోయినట్లు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. ఐదు కోర్టుల దూరం కళ్లు మూసుకుని పరిగెత్తమంటే పరిగెత్తుతామా?

మూడోది హెల్మెట్. జుట్టు చెదురుతుందని, ఉక్క పోస్తుందని పెట్టుకోం. ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఎండకు ఉక్క పోసేమాట నిజమే. కానీ హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు నూటికి 42 పాళ్లు, తలకు గాయం అయ్యే ముప్పు 69 పాళ్లు తగ్గుతుందని ఎన్నో దేశాల పరిశోధనలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. పట్టీ బిగించుకోని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది. పోలీసు కనిపించినప్పుడు పెట్టుకునే హెల్మెట్ పోలీసు నుంచి మాత్రమే కాపాడుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు కూడా తల ఉంది. మా మిత్రుడు వెనకే కూర్చున్నాడు.

నాలుగోది రాంగ్ రూటు. ముందు ఎక్కడో ఉన్న యూ టర్న్ దాకా పోవడానికి బద్ధకించి, హైవే మీద ఎదురు దిక్కున బండి తోలుతాం. ఊళ్లలో డివైడరు పగలగొట్టి దారి చేసుకుంటాం. రెండు నిమిషాలు మిగులుతాయి. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు అటు వైపు నుంచి మనిషి వస్తాడని కలలో కూడా అనుకోడు.

ఐదోది ఊళ్ల అలవాటు. కొర్రలు, జొన్న కంకులు, పొద్దుతిరుగుడు రోడ్డు మీద పరిచి బండ్ల చేత తొక్కించడం, చుట్టూ గుండ్లు పెట్టి రాత్రికి అలాగే వదిలేయడం. కల్లాలు లేని రైతు ఇబ్బంది మనకు తెలుసు, మన నాయనలే ఆ పని చేస్తారు. కానీ చీకట్లో ఆ గుండు తగిలి పడేది కూడా మన ఊరివాడే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు కనీసం ఆ గుండ్లు తీసేయమని మనం చెప్పగలం. ట్రాక్టరు వెనక ఎర్ర స్టిక్కరు అంటించమని చెప్పగలం. దాని ఖర్చు కొద్ది రూపాయలే.

కడప వైపు వాళ్లకు ఒక మాట. రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవా కోసం ఆగే ఊరని అందరికీ తెలుసు, ఎన్ని బండ్లు అక్కడ పడ్డాయో కూడా తెలుసు. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్లో బండి వదిలేవాళ్లు మనలో ఉన్నారు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్లో భారమంతా బ్రేకు మీదే పడి, బ్రేకు వేడెక్కి పట్టు తప్పుతుంది. చిన్న గేరులో దిగాలి, మలుపులో హారన్ కొట్టాలి, మలుపులో ఓవర్‌టేక్ చేయకూడదు.

చట్టం సంగతి కూడా తమ్ముళ్లు తెలుసుకోవాలి. గేరు బండికి లైసెన్సు రావాలంటే 18 ఏళ్లు నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి ఇచ్చిన యజమానికి గానీ, తల్లిదండ్రులకు గానీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేనివాడు గుద్దితే, బీమా కంపెనీ బాధితులకు ఇచ్చిన సొమ్మును యజమాని దగ్గరే రాబట్టుకునే వీలుంది. "మామా, ఒక రౌండు ఇయ్యి" అని అడిగేటప్పుడు ఆ మామ ఇల్లు, చేను తాకట్టు పెట్టమని అడుగుతున్నట్లే.

అయితే అన్నిటికీ మమ్మల్నే తప్పు పట్టకండని తమ్ముళ్లు అడగవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. కాలేజీ టైముకు బస్సు లేనప్పుడు, ఏడుగురు పట్టే ఆటోలో పదిహేను మంది ఎక్కడం మన సరదా కాదు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు కూర్చుంటే అతనికి హ్యాండిల్ తిప్పడానికి చోటుండదని మనకు తెలియక కాదు. ఆ ఆటో పోతే మొదటి పీరియడు పోతుందని ఎక్కుతాం. కాబట్టి మన అలవాట్లు దిద్దుకోవడంతో పాటు అడగాల్సినవి కూడా గట్టిగా అడగాలి. కాలేజీ వేళకు ఒక బస్సు కావాలి. మన గేటు ఎదురుగా రోడ్డు దాటే చోట చారలు, దీపం, వేగం తగ్గించే ఏర్పాటు కావాలి. అందరమూ సంతకాలు పెట్టి అర్జీ ఇద్దాం. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఒకసారి ఇచ్చి ఊరుకోకుండా జవాబు వచ్చేదాకా అడుగుదాం. అడగడం మనకు బాబాసాహెబ్ నేర్పిన పనే కదా.

అప్పటిదాకా నడిచి పోయే తమ్ముళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన నడవాలి. అప్పుడు మీ వైపు వచ్చే బండి మీకు ఎదురుగా కనిపిస్తుంది. పక్కపక్కన భుజాల మీద చేతులేసుకుని నలుగురు నడవొద్దు. రాత్రిపూట తెల్ల చొక్కా వేసుకోండి, చేతిలో ఫోను లైటు వెలిగించుకోండి.

ప్రమాదం చూసినప్పుడు వీడియో తీయొద్దు, 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైన సేవ అది. దెబ్బ తగిలిన మొదటి గంట చాలా విలువైనది. పోలీసు కేసు మన మీదికి వస్తుందని భయపడి దూరంగా నిలబడేవాళ్లు చాలామంది. ఆ భయం అక్కరలేదు. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకూడదని, బలవంతంగా పేరు, వివరాలు అడగకూడదని చట్టంలోనే ఉంది. ఆ రాత్రి మా కోసం ఆగిన మనిషి ఒక కూరగాయల ఆటో డ్రైవరు. ఆయన పేరు మేము ఈరోజుకూ అడగలేకపోయాం.

చివరిగా అన్నలకు ఒక మనవి. మీలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, ఆర్టీసీ డ్రైవర్లున్నారు, లారీల మీద దేశమంతా తిరిగేవాళ్లున్నారు. ఎదురుగా బండి వస్తే లైటు దించండి. నిద్ర వస్తే బండి పక్కకు తీసి పడుకోండి, దీపం వెలిగించి పడుకోండి. ప్రతి వార్షికోత్సవానికి అతిథులకు శాలువాలు, షీల్డులు కొంటాం. వచ్చే ఏడాది నుంచి ఆ డబ్బుతో ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు కొందామని మా సూచన. వాటిని ఆఫీసు గదిలో పెట్టి, బండి మీద బయటికి పోయే ప్రతి విద్యార్థి సంతకం పెట్టి తీసుకునేలా చేద్దాం. హెల్మెట్ లేకుండా గానీ, ముగ్గురు ఎక్కి గానీ ఏ బండీ గేటు దాటకూడదని హాస్టల్ కమిటీలో తీర్మానం చేద్దాం. వాచ్‌మన్ తాత ఆపితే "ఏం గాదులే" అనడం మానేద్దాం. శాలువా కప్పించుకునే పెద్దలు ఈ మాటకు బాధపడరని మా నమ్మకం.

పరీక్షలో ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాస్తాం. అది పోతే మళ్లీ రాస్తాం. ఈ హాస్టల్లో అలా రాసి పాసై ఉద్యోగాలు చేస్తున్న అన్నలు ఎంతోమంది. రోడ్డు దగ్గర ఆ అవకాశం లేదు.

అతను పోయిన మరుసటి రోజు రాత్రి వార్డెన్ సార్ హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తూ పోయారు. అలవాటుగా ఆ పేరు కూడా పిలిచారు. పిలిచాక ఆగిపోయారు. హాలు మొత్తం నిశ్శబ్దమైంది. కొంతసేపటికి తరువాతి పేరు పిలిచారు.

తమ్ముళ్లూ, మీ పేరు పిలిచిన ప్రతి రాత్రీ "ప్రెజెంట్ సార్" అనే గొంతు వినపడాలి. మా కోరిక అంతకన్నా పెద్దది కాదు.

— డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు